మూడో టేబుల్‌కి పదో ప్రశ్న

ప్రేమికుల రోజు ఆ ఏడాది శుక్రవారం పడింది. శుక్రవారం క్విజ్ రోజు. మా బావమరిదికి ఆ మాత్రం చాలు.

వాడి బార్‌లో పదకొండేళ్ళుగా ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి క్విజ్ నడిపేది నేను. అంతకుముందు శుక్రవారాలు ఆ బార్‌లో ఈగలు కూడా ఉండేవి కావు. ఇప్పుడు ఎనిమిది టేబుళ్ళూ నిండుతాయి. నేను లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం చేశాను. మెషిన్ రూముల్లో గ్రీజు కారకుండా నేల మీద పాత పేపర్లు పరిచేవాళ్ళం. నాకు తెలిసినదంతా వాటిలో చదివిందే. చదువు మా ఊరి బడితో సరి.

క్విజ్ పద్ధతి కూడా ఆ బడిదే. మా పంతులు పొద్దున్నే ఐదు ప్రశ్నలు అడిగేవాడు. నోటితో చెప్పింది లెక్కలోకి రాదు, పలక మీద రాయాలి. రాశాక పలక కుడిపక్క వాడికివ్వాలి, వాడు దిద్దాలి. జవాబు ఒప్పో తప్పో వాడికి తేలకపోతే లేచి నిలబడి పైకి చదవాలి. అప్పుడు పంతులు తీర్పు చెప్పేవాడు. బార్‌లోనూ అంతే. పలకల బదులు కాగితాలు, పంతులు బదులు నేను. ఫోన్లు ముందే కౌంటరు మీది ప్లాస్టిక్ బుట్టలో పడాలి. నా తీర్పుకి తిరుగు లేదు.

బావమరిది మంగళవారం నుంచే ఎర్ర బెలూన్లు ఊదాడు. శుక్రవారానికి అవి సగం గాలి పోయి, ముడతలు పడి వేలాడతాయని చెప్పాను. వినలేదు.

"బావా, ఈసారి అంతా ప్రేమే ఉండాలి. యుద్ధాలూ రాజధానులూ వద్దు" అన్నాడు.

"ప్రేమ మీద ప్రశ్నలేముంటాయిరా? జవాబు ఉన్నదాని మీదే ప్రశ్న."

"అబ్బా, ఆ మాటలే వద్దంటున్నా. భార్యాభర్తల రౌండు పెట్టు. ఇద్దరూ వీపు వీపు ఆనించి కూర్చుంటారు, ఒకే ప్రశ్నకి చెరొక కాగితం మీద రాస్తారు. జవాబులు కలిస్తే మార్కు. నవ్వుకుంటారు."

"ఇక్కడ నవ్వుకుని, ఇంటికెళ్ళి కొట్టుకుంటారు."

"కొట్టుకోనీ. ఇక్కడున్నంతసేపూ తాగితే చాలు నాకు."

గ్లాసు తుడుస్తూ ఉన్నాడు. తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడుస్తున్నాడంటే ఏదో అడగబోతున్నాడన్నమాట.

"చెల్లి వస్తానంది, శుక్రవారం. ఆయన్ని తీసుకుని."

నేను పక్కనున్న బెలూన్ ముడి బిగించాను.

"రెండేళ్ళయింది బావా. అదీ మనిషే. ఒక్క మాట మాట్లాడు. పండగ కాదు పబ్బం కాదు, అందరూ ఉంటారు, మైకు నీ చేతిలోనే ఉంటుంది. ఇష్టం లేకపోతే మర్నాటి నుంచి మళ్ళీ నీ దారి నీది."

"రానీ" అన్నాను.

వాడు గ్లాసు కింద పెట్టేశాడు. "నిజంగానా?"

"బార్ నీది. రానీ."

వాడి ముఖం ఆ బెలూన్లంత అయింది. నేనెందుకు ఒప్పుకున్నానో వాడికి తెలియదు.

ఎందుకో చెబుతాను. నా భార్య పోయింది రెండేళ్ళ కిందట, మార్చిలో. ఆస్పత్రిలో చేరిన పదిహేడో రోజున. చేరిన రోజు డాక్టరు ఫైలు తిరగేస్తూ, "ఐదు నెలలుగా మందులు వాడుతున్నారు కదా?" అని నన్ను అడిగాడు. "ఏ మందులు? మొన్నటిదాకా మనిషి బాగానే ఉంది" అన్నాను. నా వెనక నిలబడిన మా మరదలు, "వాడుతోందండీ, అక్టోబరు నుంచి" అంది.

అలా తెలిసింది నాకు. వెనక నుంచి.

ఐదు నెలలు. మంగళవారం మంగళవారం మా ఆవిడ చెల్లెలి ఇంటికి వెళ్తున్నానని చెప్పి ఆస్పత్రికి వెళ్ళింది. పక్కన చెల్లెలు. నా ఇంట్లో, నా మంచం మీద, నా పక్కన పడుకున్న మనిషికి కడుపులో క్యాన్సరు ఉంటే, అది ఊరి అవతల ఉన్న మరదలికి తెలుసు, నాకు తెలియదు. బావమరిదికి కూడా చివరి వారం దాకా తెలియదు, అందుకే వాడితో నా మాటలు తెగలేదు. మరదల్ని మాత్రం అంతా అయిపోయిన రోజునే, నలుగురి ముందూ, "నా గడప తొక్కకు" అన్నాను. తొక్కలేదు.

ఎందుకు నాకు చెప్పలేదు? రెండేళ్ళుగా నాకున్నది ఆ ఒక్క ప్రశ్నే. దానికి మరదలు జవాబు చెప్పాలి. నా ఇంట్లో, తలుపేసుకుని, కళ్ళ నీళ్ళు పెట్టుకుని కాదు. పదిమందిలో, కాగితం మీద.

గురువారం మధ్యాహ్నం కూర్చుని భార్యాభర్తల రౌండు రాశాను. తొమ్మిది ప్రశ్నలు బావమరిది ఇచ్చినవే. పదోది 'మీ ప్రేమకథను ఒక్క మాటలో రాయండి' అని ఇచ్చాడు. దాన్ని కొట్టేసి నాది రాశాను. నాలుగుసార్లు తిరగరాశాను. పక్కన జవాబు కూడా రాసుకున్నాను. జవాబు లేకుండా నేనెప్పుడూ ప్రశ్న రాయను.

శుక్రవారం ఆరుంబావుకి వచ్చారు. మరదలు సన్నబడింది. తల ముందువైపు నెరిసింది, రంగు వేసుకోలేదు. తోడల్లుడు బస్సు డ్రైవరు. నెమ్మదైన మనిషి. క్విజ్‌లో రోడ్లూ మలుపులూ వస్తే తప్ప నోరు విప్పడు.

"బాగున్నారా అన్నయ్యా?" అన్నాడు.

"ఫోన్లు బుట్టలో వెయ్యండి" అన్నాను.

వేశారు. మరదలు నేరుగా మూడో టేబుల్ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. ఒకప్పుడు వాళ్ళు కూర్చునేది అక్కడే. మా ఆవిడ, మరదలు, తోడల్లుడు. మూడో కుర్చీని బావమరిది ముందే తీసేశాడు, ఖాళీగా కనపడకుండా.

మొదటి రౌండు ప్రేమ మీద అని బావమరిది బోర్డు మీద ఎర్ర సుద్దతో రాశాడు. నేను గుండె మీద అడిగాను. మనిషి గుండెలో ఎన్ని గదులు? గుండెకి నెత్తురు పట్టుకెళ్ళే నాళాలకి పేరేమిటి? ఆక్టోపస్‌కి ఎన్ని గుండెలు?

"మూడంటండీ" అని ఐదో టేబుల్ టైలరు గట్టిగా గుసగుసలాడాడు. "మా ఆవిడకి వాటిలో ఒకటి ఇచ్చినా బాగుండేది."

"కావాలంటే రెండివ్వమనండి. మీక్కూడా కావాలిగా" అంది వాళ్ళావిడ.

నవ్వులు. బావమరిది కౌంటరు వెనక నుంచి బొటనవేలు పైకెత్తి చూపించాడు. మూడో టేబుల్‌కి ఆ రౌండులో ఏడొచ్చాయి.

పావుగంట విరామం తరవాత రెండో రౌండు. కుర్చీలు తిప్పుకుని వీపు వీపు ఆనించి కూర్చున్నారు. చూడ్డానికి అందరూ అలిగినట్టే ఉంది. మొదటిది: భార్య చెప్పు సైజు ఎంత?

"ఇదన్యాయం" అన్నాడు టైలరు. "నడుం కొలత అడగండి, చటుక్కున చెప్తా. కాళ్ళు మన శాఖ కాదు."

"ఎవరి నడుం కొలతైనా చెప్తారు. అదేగా నా ఖర్మ" అంది వాళ్ళావిడ వెనక నుంచి.

మా ఆవిడ చెప్పు సైజు ఐదు. కుడికాలికి కొంచెం వదులు. నాకు తెలుసు.

భర్త నిద్రలో ఏం చేస్తాడు? నాలుగో టేబుల్‌లో పళ్ళ డాక్టరమ్మ ఉంటుంది. ఆవిడ గొంతు మైకు అవసరం లేని గొంతు. "నోరు తెరుచుకుని పడుకుంటారండీ. రాత్రి కూడా నాకు డ్యూటీ దిగినట్టుండదు" అంది. ఆ భర్త ముఖం ఎర్రబడింది, జవాబు మాత్రం కలిసింది.

ప్రశ్న చదివినప్పుడల్లా నేనూ మనసులో రాసుకున్నాను. ఆవిడకి ఒక పల్చటి దిండు. టీలో పంచదార సగం చెంచా. వాన పడే ముందు ఎడమ మోకాలు నొప్పి. ఎనిమిదోది: గొడవయితే ముందు ఎవరు మాట్లాడతారు?

ఇదీ సులువే. తనే. పెళ్ళయిన నాటినుంచీ ఎప్పుడూ తనే.

కాగితం మీంచి తలెత్తితే మరదలు నావైపే చూస్తోంది. మొగుడి వైపు కాదు. ఆ చూపేమిటో నాకు నచ్చలేదు. తొమ్మిదోది చదివేశాను. నా లెక్కన నాకు తొమ్మిదికి తొమ్మిది వచ్చాయి.

"పదో ప్రశ్న" అన్నాను. "ఇది ఇద్దరూ ఇటు తిరిగి, కలిసి రాయాలి. నా దగ్గరున్న జవాబుతో కలిస్తేనే మార్కు."

కుర్చీలు తిరిగాయి. బావమరిది గ్లాసులు నింపడం ఆపి వినడానికి సిద్ధపడ్డాడు. వాడి ప్రేమకథ ప్రశ్న వస్తుందనుకున్నాడు.

చదివాను. "ఒక ఇంటి ఇల్లాలికి ప్రాణం మీదికొచ్చే జబ్బు అని తెలిసి, ఐదు నెలల పాటు ఆమె భర్తకి చెప్పకుండా దాచినవాళ్ళని ఏమంటారు? ఒక్క మాటలో."

మామూలుగా ప్రశ్న అయ్యాక గొణుగుళ్ళు ఉంటాయి. ఆ రోజు లేవు. కొత్తగా వచ్చిన జంటలు తమాషా ప్రశ్నేమో అని చుట్టూ చూశారు. పాతవాళ్ళు బల్లలవైపు చూశారు. బావమరిది కౌంటరు వెనక నుంచి వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. తోడల్లుడు భార్య మోచేతి మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చెయ్యి తీసేసింది.

"వెనకవైపు కూడా రాయొచ్చా?" అని అడిగింది నన్ను. రెండేళ్ళ తరవాత నాతో అన్న మొదటి మాట అది.

"ఒక్క మాటలో అన్నాను."

"ఒక్క మాటలో పట్టదు. రాయొచ్చా, రాయకూడదా? చెప్పండి."

ఇదివరకు నన్ను నువ్వు అనేది. పన్నెండేళ్ళ పిల్లగా ఉన్నప్పటి నుంచీ అంతే.

"రాయండి" అన్నాను.

మామూలుగా ప్రశ్నకి రెండు నిమిషాలే ఇచ్చేవాణ్ణి నాలుగు నిమిషాలు ఆగాను. ఆమె పెన్ను ఆగకుండా నడిచింది. కాగితం తిప్పింది. నాకు సంతోషంగానే ఉంది, అబద్ధం ఎందుకు. తప్పయిందని రాస్తోంది, అది నలుగురూ వింటారు అనుకున్నాను.

కాగితాలు కుడివైపుకి మార్చుకోమన్నాను. మూడో టేబుల్ కాగితం నాలుగో టేబుల్‌కి వెళ్ళింది, పళ్ళ డాక్టరమ్మ చేతికి. తొమ్మిది ప్రశ్నలూ దిద్దించాను. పదోదానికి వచ్చాం. నా జవాబు చదవబోతుండగా డాక్టరమ్మ చెయ్యెత్తింది.

"మూడో టేబుల్‌ది ఎలా దిద్దాలో తెలియట్లేదండీ. చాలా రాశారు."

"లేచి చదవండి."

ఆవిడ కళ్ళజోడు సవరించుకుని లేచింది. ఆ గొంతుతో మొదలుపెట్టింది.

"'ఏమంటారో నాకు తెలియదు. జరిగింది రాస్తున్నాను. అక్టోబరులో ఒక శుక్రవారం ఇక్కడే, ఇదే టేబుల్ దగ్గర, అక్క బుట్టలో వెయ్యకుండా ఉంచుకున్న ఫోన్‌కి ల్యాబు నుంచి రిపోర్టు వచ్చింది. అక్క దాన్ని బల్ల కింద పెట్టుకుని చదివింది. బావగారు చూశారు. మైకులో...'"

ఆగిపోయింది. కాగితం కిందకి దించింది. "ఇది జవాబు కాదండీ. మీ ఇంటి విషయం. నేను చదవను."

"చదవండి. తేలని జవాబు పైకి చదవాలి. రూలు."

"నాకు తేలింది. సున్నా వేసేస్తాను, పోనీ ఒకటి వెయ్యమన్నా వేస్తాను."

"నాకు తేలలేదు. చదవండి."

ఆ సమయంలో నేనాపి ఉండొచ్చు. ఆపలేదు. నా రూలు అది.

ఆవిడ మళ్ళీ కాగితం ఎత్తింది. గొంతు తగ్గించి చదవాలని చూసింది, ఆ గొంతు తగ్గలేదు.

"'మైకులో టేబుల్ మొత్తాన్ని ఆటలోంచి తీసేశారు. ఇంట్లో లేని తెలివి ఫోన్లో దొరుకుతుందనుకుంది అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, నాకప్పటికి తెలియదు. ఆ రాత్రి ఇంట్లో అక్క ఒక మాట చెప్పాలి అంటే, ముందు నువ్వు వచ్చే శుక్రవారం అందరి ముందూ తప్పు ఒప్పుకో, ఆ తరవాతే మాట అన్నారు. అక్క ఒప్పుకోలేదు. ఇరవై రెండు రోజులు ఆయన మాట్లాడలేదు. ఆ ఇరవై రెండు రోజుల్లో మేము ఆస్పత్రికి నాలుగుసార్లు వెళ్ళాం. దాచినవాళ్ళెవరో, విననివాళ్ళెవరో మీరే దిద్దుకోండి.'"

డాక్టరమ్మ కూర్చుంది. కాగితాన్ని బోర్లా పెట్టింది. 

"నేనున్నాను ఆ రోజు" అన్నాడు టైలరు మెల్లగా. ఎవరితోనూ కాదు. "చప్పట్లు కూడా కొట్టాను." వాళ్ళావిడ అతని చేతి మీద గట్టిగా చరిచింది.

నాకు ఆ శుక్రవారం గుర్తుంది. మర్చిపోయింది కాదు. నదుల రౌండు. మా ఆవిడ తల దించుకుని ఉంటే, బల్ల కింద నుంచి వెలుతురు ముఖం మీద పడింది. పెళ్ళాం కదా అని చూసీచూడనట్టు పోతే నన్నెవరు నమ్ముతారు? అందుకే మిగతావాళ్ళనైతే ఒక ప్రశ్నకి ఆపేవాణ్ణి, ఆమెని ఆటలోంచే తీసేశాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు బాగున్నాయి. తరవాత కూడా ఆ కథ ఎన్నోసార్లు నేనే చెప్పుకున్నాను, చూడండి, సొంత భార్యనైనా వదల్లేదు అని. మాట్లాడకపోవడమూ గుర్తుంది. వారమో పది రోజులో అనుకున్నాను. ఇరవై రెండని ఎవరో లెక్కపెట్టారని తెలియదు.

రిపోర్టు సంగతి తెలియదు. రెండేళ్ళుగా అక్టోబరు అన్న మాటని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను కాని, ఆ శుక్రవారాన్ని దాని పక్కన పెట్టాలని ఒక్కసారీ తోచలేదు.

అందరూ నా తీర్పు కోసం చూస్తున్నారు.

"పదో ప్రశ్న రద్దు" అన్నాను.

"ఎందుకు రద్దు?" మరదలు లేచి నిలబడింది. "పదకొండేళ్ళలో ఒక్క ప్రశ్న రద్దు చెయ్యలేదు మీరు. ఎవరైనా బతిమాలితే విసుక్కునేవారు. నాది తప్పయితే తప్పనండి. ఒప్పయితే ఒప్పనండి. మధ్యలో ఈ రద్దేమిటి?"

"ఐదు నిమిషాలు విరామం. మార్కులు కూడతాను" అన్నాను.

ఆమె కోటు తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. తోడల్లుడు లేవబోయి, మళ్ళీ కూర్చుని, గ్లాసులో మిగిలింది చూస్తూ ఉండిపోయాడు. మైకు బల్ల మీద పెట్టి నేను వెళ్ళాను.

బయట ఖాళీ బీరు సీసాల డబ్బాల పక్కన నిలబడి ఉంది. ఎనిమిది కావస్తోంది. ఎదురు దుకాణం వాడు షట్టరు దించుతున్నాడు, అది సగంలో ఇరుక్కుంటే కాలితో తంతున్నాడు. ఆ మోత అయ్యేదాకా ఇద్దరం ఆగాం.

"సరే. ఇరవై రెండు రోజులు నాది తప్పు. ఒప్పుకుంటున్నాను" అన్నాను. "ఆ తరవాత నాలుగు నెలలున్నాయి. మాట్లాడుకున్నాం, తిన్నాం, ఒకే ఇంట్లో ఉన్నాం. అప్పుడు చెప్పొచ్చుగా? అప్పుడెందుకు చెప్పలేదు?"

"ఇది ఎన్నో ప్రశ్న?"

"వెటకారం వద్దు. నాకు తెలియాలి."

ఆమె కోటు గుండీలు పెట్టుకుంది. ఒకటి తప్పు కాజాలో పడితే విప్పి మళ్ళీ పెట్టుకుంది.

"మొదటి వారం ఏడ్చింది బావా. మా ఇంటికొచ్చి ఏడ్చి, ముఖం కడుక్కుని ఇంటికెళ్ళేది. రెండో వారం రోజూ నీ పక్కన కూర్చుని, ఇవాళ చెప్తా ఇవాళ చెప్తా అనుకునేదట. నువ్వు పేపరు పైకెత్తి పట్టుకునేవాడివట. మూడో వారానికి అలవాటయిపోయింది."

"ఏది అలవాటయింది?"

"నీకు చెప్పకుండా ఉండడం. ఇంకేముంది? ఆస్పత్రికి ఎలా వెళ్ళాలి, సూదులు ఎక్కడ వేయించుకోవాలి, వాంతులైతే కుళాయి తిప్పి ఎలా వినపడకుండా చెయ్యాలి, అన్నీ నేర్చేసుకుంది. నువ్వు మాట్లాడ్డం మొదలుపెట్టిన రోజు ఫోన్ చేసి చెప్పింది నాకు. 'ఆయన మాట్లాడాడే' అంది. 'అయితే చెప్పెయ్యి అక్కా' అన్నా. 'ఇప్పుడెందుకే, నాకిప్పుడు అవసరం లేదు' అంది."

అవసరం లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురం తరవాత.

"నువ్వు చెప్పాల్సింది" అన్నాను. "దానికి పిచ్చి పట్టింది సరే, నీకు బుద్ధుండాలిగా."

"ఒట్టు వేయించుకుంది. చెప్తే ఇంక నీ ముఖం చూడనంది. చచ్చిపోయే మనిషి బావా. దాని మాట వినాలా, నీ కోపం చూసుకోవాలా?"

"పోయాకైనా చెప్పొచ్చుగా. రెండేళ్ళు!"

"గడప తొక్కొద్దన్నావు. తొక్కితే ఏం చెప్పాలి? నువ్వు మైకులో నవ్వించిన రోజే దానికి తెలిసిందనా?" గొంతు పెరిగింది. షట్టరు దుకాణం వాడు ఇటు చూశాడు. ఆమె తగ్గించింది. "ఆ శుక్రవారం సంగతి నీకెప్పుడూ తెలియకూడదంది అక్క. 'అది తెలిస్తే మనిషి మిగలడే' అంది. నీ మీద ప్రేమో, జాలో, నన్నడక్కు. నాకు తెలియదు. దొంగ అన్నా, ద్రోహి అన్నా పడదాంలే అనుకున్నా. అన్నయ్య పిలిస్తే వచ్చా, కూర్చుని నాలుగు ప్రశ్నలకి జవాబులు రాసి వెళ్దామని. నువ్వే అడిగావు. మైకు పెట్టి అడిగావు."

"నేనడిగింది నిన్ను. నువ్వు రాసింది అందరూ విన్నారు."

"చదవమన్నదెవరు?"



మూలమలుపులో బస్సు దీపాలు కనిపించాయి. ఆమె కొంచెంసేపు ఆగింది. ఇంటికి రమ్మంటాననుకుందో, లేక తప్పయిందంటాననుకుందో. అనొచ్చు. నోటి చివరిదాకా ఏదీ రాలేదు. నాకు ఆమె మీద కోపం పోలేదు, ఇప్పటికీ పోలేదు. చావబోయే మనిషి ఏదైనా అంటుంది. బతికి ఉన్నవాళ్ళకి తెలివుండాలి. ఎవరో ఒకరు నా భుజం పట్టుకు ఊపి చెప్పి ఉంటే నాలుగు నెలలు నాకు దక్కేవి. ఆ నాలుగు నెలల్లో నేనేం చేసేవాణ్ణో తెలియదు. అయినా అవి నావి.

"ఆయన్ని వెనకాల రమ్మను" అని చెప్పి ఆమె బస్సు ఎక్కింది.

లోపలికి వచ్చాను. మార్కులు కూడడం అయిపోయింది, బావమరిదే కూడాడు. బోర్డు మీద ఎర్ర సుద్దతో రాసి ఉన్నాయి. డాక్టరమ్మకి పద్దెనిమిది. టైలరుకి పదిహేడు. ఏడో టేబుల్‌కీ, మూడో టేబుల్‌కీ పదిహేను పదిహేను. నేను సుద్ద తీసుకుని మూడో టేబుల్ పదిహేనుని కొట్టేసి పదహారు వేశాను.

"రద్దన్నావుగా బావా?" అన్నాడు బావమరిది, నాకు మాత్రమే వినబడేట్టు.

"రద్దు లేదు."

"మరి మిగతావాళ్ళ పదో జవాబులు?"

వాటిని తెప్పించి చూశాను. డాక్టరమ్మ 'ఆప్తులు' అని రాసింది. టైలరు 'భయస్థులు' అన్నాడు. రెండు మూడు టేబుళ్ళు ఖాళీగా వదిలేశాయి. ఏడో టేబుల్‌లో ఆ రోజే మొదటిసారి వచ్చిన కుర్ర జంట 'దొంగలు' అని రాశారు. నా కాగితం మీద గురువారం మధ్యాహ్నం నేను రాసుకున్నది అదే మాట.

"తప్పు" అన్నాను. "అందరిదీ తప్పు."

ఏడో టేబుల్ కుర్రవాడు లేచాడు. "సార్, అసలు జవాబేమిటో చెప్పండి మరి."

"మూడో టేబుల్‌ది."

"అది ఒక్క మాట కాదుగా సార్?"

"నా తీర్పుకి తిరుగు లేదు. కూర్చో."

కూర్చున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మొదటి బహుమతి గుండె ఆకారం చాక్లెట్ల డబ్బా డాక్టరమ్మకిచ్చాను. "పళ్ళు పుచ్చిపోతాయండీ" అని ఆవిడ నవ్వబోయింది, ఎవరూ నవ్వకపోతే తనూ మానేసింది. రెండో బహుమతి సీసా టైలరు తీసుకున్నాడు. నన్ను చూడకుండా తీసుకున్నాడు.

తోడల్లుడు బుట్టలోంచి రెండు ఫోన్లూ ఏరుకుని కోటు జేబులో వేసుకున్నాడు. పోతూ పోతూ బోర్డు ముందు ఆగాడు.

"మాకు పదహారా అన్నయ్యా?"

"పదహారు."

"అంటే ఎన్నో స్థానం?"

"మూడు."

"మూడోదానికి ఏమైనా ఇస్తారా?"

"ఏమీ ఇవ్వం" అన్నాను.

తలూపాడు. "చెప్తాను దానికి" అని వెళ్ళిపోయాడు.